వెలిగి ఆరే లైట్లు

"నీదీ ఒక పనేనా? ఛీ!"

బావ బండిని షెడ్డులోకి తోసి, స్టాండు వేసి, గుమ్మం పక్కనే తుపుక్కున ఉమ్మాడు.

మెకానిక్ ఆ ఉమ్మి వైపు చూశాడు. అప్పుడే కడిగిన గచ్చు. గుడ్డపీలికతో చేతులు తుడుచుకున్నాడు.

"మళ్ళీ ఆరిపోయాయా?"

"ఆరక? ముందు ఇంత గుంత. నువ్వు బిగించిన దిక్కుమాలిన లైట్లు సరిగ్గా అప్పుడే గుడ్డివైపోయాయి. ఇంకాస్తయితే నా పళ్ళు ఏరుకునేవాడివి."

మెకానిక్ స్విచ్చి నొక్కాడు. హెడ్‌లైటు పక్కన తను అదనంగా పెట్టిన రెండు లైట్లూ ఎదుటి గోడని తెల్లగా వెలిగించాయి. హ్యాండిల్ ఆ కొసకీ ఈ కొసకీ తిప్పాడు. బండిని పట్టుకుని ఊపాడు. నీళ్ళు చల్లాడు. ఆరలేదు. ఇక్కడికొస్తే ఎప్పుడూ ఆరవు. ఫ్యూజు మార్చాడు, రిలే మార్చాడు, స్విచ్చీ మార్చాడు. తనే ఎక్కి ఊరంతా తిప్పి చూశాడు. మేష్టారు చూస్తున్నప్పటి పిల్లాడిలా బుద్ధిగా వెలిగాయి.

"అసలెప్పుడు ఆరతాయి బావా? గుంతలో పడ్డప్పుడా? బ్రేకు వేసినప్పుడా?"

"సాయంత్రం."

"రోజూనా?"

"పోలీసులా ఆరా తీస్తావేంట్రా? ఇవాళ తేల్చు. లేకపోతే మా ఆఫీసు బళ్ళన్నీ రేపటి నుంచి ఇంకో షెడ్డుకే. మీ అక్క ముఖం చూసి ఇన్నాళ్ళూ భరించాను."

ఆ బళ్ళు పోతే షెడ్డులో మిగిలేది మెకానిక్కూ, గోడలూ.

"మధ్యలో నా ముఖమెందుకులెండి," అంటూ అక్క ఇంట్లోంచి టీ తెచ్చింది. తమ్ముణ్ణి చూడాలని పొద్దున బస్సులో వచ్చింది. బావ ఒక గుక్క తాగి, "టీయా, గిన్నె కడిగిన నీళ్ళా?" అని మిగిలింది ఆ గచ్చు మీదే పారబోశాడు. అక్క ఖాళీ గ్లాసు తీసుకుంది.

మెకానిక్ ఇంజన్ల సందుల్లోంచి చచ్చిన ఎలుకల్ని చేత్తో తీసినవాడు. ఏ ఎలుకా ఇంత రోత పుట్టించలేదు. దానికితోడు బావ దగ్గర ముక్కు పగిలే ఆ సెంటొకటి!

తల తిప్పుకుని బండి పక్కన గొంతుక్కూర్చోబోయాడు. దించి ఉన్న వెనక ఫుట్‌రెస్టు మోకాలి చిప్పకి ఠప్పున తగిలింది. విసురుగా దాన్ని మడిచి, పైకి చూశాడు. సీటు కొత్తది. వెనకవైపు దిండులా ఉబ్బి ఉంది.

"సీటెప్పుడు మార్పించావు?"

"నడుం నొప్పిరా. లైట్లు బాగుచెయ్యమంటే సీటు గొడవెందుకు?"

మెకానిక్ లేచి, సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో అదిమాడు. గోడ చీకటైంది. చేతులు తీశాడు. గోడ వెలిగింది. సీటు ఎత్తి చూస్తే, అడుగున ఉన్న రేకు అంచు సరిగ్గా లైట్ల తీగ మీదే కూర్చుంటోంది. పైతొడుగు బాగానే ఉంది. లోపల రాగి తెగింది. బరువు పడితే విడిపోతోంది, బరువు తీస్తే అతుక్కుంటోంది.

"సరే, దొరికిందిగా," అన్నాడు బావ గబగబా. "తీగ మార్చెయ్. నాకు పనుంది."

మెకానిక్ సీటు దించేశాడు. "ఆగు బావా. ఇన్నాళ్ళూ నా పనిని తిట్టావు, తప్పెక్కడుందో చూసిపో. అక్కా, ఒకసారి వెనక కూర్చో."

"దాన్నెందుకురా? నువ్వే కూర్చో!"

అక్క అప్పటికే చీర సర్దుకుని ఎక్కి కూర్చుంది. లైట్లు ఆరిపోయాయి. దిగింది. వెలిగాయి.

మెకానిక్ ఆ సాయంత్రానికి మొదటిసారి నవ్వాడు. "చూశావా! నువ్వొక్కడివే తిరిగితే వెయ్యేళ్ళయినా ఆరవు. వెనక మనిషి కూర్చుంటేనే ఆరతాయి. అక్కని ఎక్కించుకున్నప్పుడల్లా ఆరిపోతున్నాయని ఒక్క ముక్క ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?"

బావ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. అది బండికే ఉంది.

అక్క ఆ మెత్తటి సీటు మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా నొక్కింది. గోడ చీకటైంది. చెయ్యి తియ్యలేదు.

"నేనీ బండెక్కడం ఇవాళే మొదలురా, తమ్ముడూ."