మూడు చుక్కలు

“నా మనవరాలి నెత్తిన మూడు చుక్కలు పోస్తే మీ సముద్రమేమీ ఇంకిపోదు అల్లుడూ,” అంది యోరున్.

ఐవిన్ వాఫిల్ మీద జామ్ రాస్తూనే తల అడ్డంగా ఊపాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బాప్టిస్టు మందిరం కింది హాల్లో అందరూ కాఫీకి కూర్చున్నారు. పెనం మీంచి వాఫిల్స్ హృదయాకారంలో వేడివేడిగా దిగుతున్నాయి. అత్తాఅల్లుళ్ళ ఈ పేచీ కూడా ప్రతివారం వాటితోపాటే దిగుతుంది. ఐవిన్ జవాబు ఎప్పుడూ ఒకటే. కూతురు తిల్దే పెద్దదై, విశ్వసించి, తనంతట తానే అడిగిన రోజున సముద్రంలో నిండా ముంచి బాప్తిస్మం ఇప్పిస్తాడు. అంతదాకా ఆ పసిదాని నెత్తిన ఎవరేం పోసినా అది తలస్నానమే.

యోరున్ లూథరన్, పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చే చర్చి ఆమెది. నెలలు నిండకుండా పుట్టి మూడు వారాలు ఆసుపత్రి గాజు పెట్టెలో ఉన్న బిడ్డకి ఇంకా బాప్తిస్మం కాలేదంటే ఆమెకి ముద్ద దిగడం లేదు. ఇంట్లో నాలుగు తరాల పిల్లలకి తొడిగిన తెల్ల గౌను ఉంది. దాని అంచున అందరి పేర్లూ కుట్టి ఉన్నాయి, తిల్దే పేరు తప్ప. తన చర్చి అయ్యగారిని అడిగింది కూడా. ప్రాణం మీదికొస్తే ఏ విశ్వాసి అయినా నీళ్ళు పోయవచ్చనీ, లేకపోతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలనీ చెప్పాడాయన. ఒకసారి పోస్తే జన్మకంతా అదే, రెండోసారి పోయడం మొదటిదాన్ని అవమానించడమే అని కూడా అన్నాడు. ఆ మాటలు యోరున్ అల్లుడికి వారం వారం అప్పజెపుతూనే ఉంది.

ఈవేళ ఆమె కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. దూరంగా అరచేయంత మబ్బు కనిపించింది. వాన పడితే పసిదానికి జలుబు, జలుబు ముదిరితే జ్వరం, జ్వరం ముదిరితే ఇంకేముంది? ప్రాణం మీదికి వచ్చినట్టే అని తేల్చుకుని, చేతిసంచీ పట్టుకుని మెల్లగా లేచింది.

బయట గోడ పక్కన ఆరు పిల్లల బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ ఊరి అలవాటు ప్రకారం పెద్దవాళ్ళు లోపల కాఫీ తాగుతుంటే పసివాళ్ళు చలిగాలిలో ముక్కుదాకా ఉన్ని కప్పుకుని హాయిగా నిద్రపోతున్నారు. నాలుగో బండిలో తను అల్లిన ఆకుపచ్చ టోపీ కనబడింది. యోరున్ టోపీని రెండు వేళ్ళతో వెనక్కి జరిపింది. సంచీలోంచి పాలసీసా తీసింది. బిడ్డ ఉలిక్కిపడకుండా నీళ్ళు ఇంటి దగ్గరే గోరువెచ్చగా కాచి తెచ్చింది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున తిల్దే అని పిలిచి మూడుసార్లు పోసింది. బిడ్డ నిద్రలోనే పెదవులు చప్పరించింది. యోరున్‌కి ఒళ్ళు ఎంత తేలికైందంటే, లోపలికొచ్చి రెండు వాఫిల్స్ ఒకేసారి పళ్ళెంలో వేసుకుంది.

మొదటిది సగం తినేసరికి సంతోషం ఆగక చెప్పేసింది.

హాల్లో అందరూ ఐవిన్ వైపు తిరిగారు. ఐవిన్ కప్పు కింద పెట్టి లేచాడు. అతను నోరు విప్పేలోపే వంటగది తలుపు తీసుకుని యోరున్ కూతురు మారిట్ వచ్చింది. చంకలో తిల్దే కళ్ళు టపటపలాడిస్తూ ఉంది.

“ఇది ఇందాకట్నుంచీ నా దగ్గరే పాలు తాగుతోంది కదమ్మా. నువ్వు ఎవరి మీద పోశావు?”

అప్పుడు గుర్తొచ్చింది యోరున్‌కి. మిగిలిన ఊలుతో ఇంకో టోపీ కూడా అల్లింది, పాస్టర్ హాల్వర్ కొడుకు యోనాస్‌కి. బాప్టిస్టు పాస్టరు ఒక్కగానొక్క కొడుకు ఆ పూట తిల్దే అన్న పేరుతో లూథరన్ బాప్తిస్మం పొందాడు.

పాస్టరు ఏమాత్రం తొణకలేదు. “బెంగపడకండి యోరున్‌గారూ. నమ్మకం తెలియని పసివాడి మీద పడ్డవి ఉత్త నీళ్ళు. తువ్వాలుతో తుడిస్తే సరి.”

“ఆ పేరు కూడా పోతుందా?” అని అడిగింది ఆయన భార్య.

యోరున్ పళ్ళెం పక్కన పెట్టింది. “మీ అబ్బాయి మీద పడితే ఉత్త నీళ్ళు. మరి నా మనవరాలి మీద పడితే కొంపేం మునుగుతుంది?”

పాస్టరు సంఘపెద్దల వైపు చూశాడు. వాళ్ళు బల్ల చివరికి చేరి గుసగుసలాడారు. పోయనివ్వకపోతే ఆ నీళ్ళలో ఏదో ఉందని మనమే ఒప్పుకున్నట్టవుతుందని ఒకరు అన్నారు. పోయనిస్తే మాత్రం ఏముంది, పాప తల తడుస్తుంది అంతే కదా అని ఇంకొకరు అన్నారు. ముసలి జాలరి ఒకాయన ఎటు తేలినా తనకి అభ్యంతరం లేదంటూ ఆఖరి వాఫిల్ తీసుకున్నాడు. చివరికి పాస్టరు తీర్పు చెప్పాడు. నీళ్ళు నీళ్ళేనని రుజువు చేయడానికి, సంఘమంతా చూస్తుండగా, ఆమెని పోయనివ్వాలి.

మారిట్ నవ్వు ఆపుకుంటూ బిడ్డని తల్లి ముందు పట్టుకుంది. యోరున్ చేతిలో పాలసీసా ఉంది. నీళ్ళు ఇంకా సగం ఉన్నాయి. గౌను అంచున తిల్దే పేరు ఏ రంగు దారంతో కుట్టాలో కూడా ఆమె అప్పుడే తేల్చుకుంది. సీసా వంచింది.

ఐవిన్ ఒక్క అంగలో వచ్చి సీసా మూతి అరచేత్తో మూసేశాడు.

“ఇంకేమిటయ్యా నీ అడ్డు? మీ పాస్టరుగారే సరేనన్నారుగా?”

అతను పాస్టరు వైపు చూశాడు. మారిట్ వైపు చూశాడు. చెవులదాకా ఎర్రబడి, తల వంచుకున్నాడు.

“రెండోసారి పోయకూడదు కదత్తయ్యా. ఆ గాజు పెట్టె దగ్గరే నేను పోసేశాను.”