కట్ట మీద రెండోసారి ఎదురైనవాడు

సముద్రపు కట్ట గుండ్రంగా ఉంటుంది. కాపలావాళ్లిద్దరూ గుడిసె దగ్గర చెరో దిక్కునా బయలుదేరి, సగం దారిలో ఎదురుపడి చేతికర్రలు మార్చుకోవాలి. పైవాళ్లకు అదే రుజువు. మనిషి మాట చెల్లదు.

ఆ రాత్రి ముసలి కాపలాదారు రెండో కాపలావాడైన తన బావమరిదితో కర్ర మార్చుకున్నాడు.

"పోటు వస్తోంది బావా, నీళ్లెక్కేలోపు గుడిసె చేరు," అని నవ్వి వాడు వెళ్లిపోయాడు.

ముసలాయన వంద అడుగులు వేశాడో లేదో, ఎదురుగా మళ్లీ వాడే వచ్చాడు. చేతిలో వాడి పాత కర్రే ఉంది.

"ఎంతసేపు బావా? చూసి చూసి కళ్లు కాయలు కాచాయి. కర్ర ఇటివ్వు."

"ఇందాకే ఇచ్చాను కదరా!"

"ఎవడికి?"

అప్పటికే రెండు పక్కలా బురదనేల మునిగి, నీళ్లు కట్ట అంచును నాకుతున్నాయి. దిగే చోటు లేదు. ముసలాయన వెనక్కి తిరగబోయాడు.

వెనక చీకట్లోంచి అదే గొంతు నవ్వుతూ దగ్గరకొచ్చింది.

"ఎవరితో బావా, ఆ మాటలు?"