చీపురు వ్యాను

“ఇక చాల్లే, ఎక్కరా! మర్యాదగా ఎక్కితే చల్లటి నీళ్లిస్తా” అన్నాడు బావ, వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి.

“నీ నీళ్లూ వద్దు, నీ వ్యానూ వద్దు” అన్నాడు గానుగెద్దు, సైకిలు తొక్కడం ఆపకుండానే.

ఆ పేరు జట్టువాళ్లు పెట్టింది. పదకొండేళ్లుగా ఈ పందెంలో అతని పని ఒకటే. నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కడం, నీళ్లు మోయడం, అవసరమైతే తన చక్రమే ఊడదీసి ఇవ్వడం. ఇవాళా అదే జరిగింది. నాయకుడి చక్రం వంకరపోతే తనది ఇచ్చేసి రోడ్డు పక్కన నిలబడ్డాడు. వేరే చక్రం చేతికొచ్చేసరికి పందెమంతా కనుచూపు దాటిపోయింది. ఇన్నేళ్లలో అతను ఒక్కసారి కూడా చివరి గీత దాటలేదు. వచ్చే ఏడు జట్టులో చోటు లేదని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు. దాటితే ఇవాళే దాటాలి.

చెవిలో మేనేజరు గొంతు గుయ్యిమంది. “నీ పనైపోయింది. వ్యానెక్కు.”

“మీ పనైపోయింది. నా పని ఇప్పుడే మొదలైంది” అని అతను చెవిలోని తీగ పీకి జేబులో కుక్కాడు.

అందరికంటే వెనక వచ్చేది చీపురు వ్యాను. చేతులెత్తేసినవాళ్లను ఊడ్చుకుపోతుంది కాబట్టి దాని ముందు నిజంగానే ఒక చీపురు కడతారు. ఎక్కినవాడి వీపు మీది నంబరు గుడ్డ కత్తిరించడం డ్రైవరు వంతు. అక్క మొగుడే డ్రైవరైనా ఒళ్లో కత్తెర ఉండాల్సిందే.

వంతెన దగ్గర రోడ్డు రెండుగా చీలింది. గానుగెద్దు హ్యాండిలుకు అంటించుకున్న కాగితం చూసుకుని ఎడమకు తిరిగాడు. మలుపులన్నీ ముందే రాసుకోవడం అతని అలవాటు. దారి చూపే మోటారు సైకిలు ముందుండగా ఈ చీటీలెందుకని జట్టంతా నవ్వుతుంది.

“పోయినేడు నేరుగా పోయినట్టు గుర్తు” అన్నాడు బావ.

“ఈ ఏడు మార్చారు.”

అక్కణ్నుంచి రోడ్డు మీద ముందుపోయినవాళ్లు పారేసిన నీళ్ల సీసా ఒక్కటీ లేదు. అప్పుడే శుభ్రం చేసేసి వెళ్లిపోయారన్నమాట అనుకున్నాడు. కడుపు మండిపోయింది. ఇంకా గట్టిగా తొక్కాడు.

వ్యాను రేడియోలో పదిమంది ఒకేసారి అరుస్తున్నారు. “గెలిచినవాడి గోల” అని బావ దాని పీక నొక్కేశాడు.

ఆఖరి ఎత్తు మీద పిక్కలు పట్టేశాయి.

“నిన్నిలా చూస్తూ ఊరుకున్నానంటే మీ అక్క నన్ను గుమ్మం ఎక్కనివ్వదురా!”

“ఎక్కించుకున్నావంటే అసలే ఎక్కనివ్వదు బావా!”

బావకి నవ్వొచ్చింది. కత్తెర వెనక సీట్లోకి విసిరేశాడు. “అయితే తొక్కి చావు!”

చివరి గీతకు అటూ ఇటూ జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టడం లేదు. కెమెరాలవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ పరుగెత్తుకొస్తున్నారు. ఓడినవాణ్ణి చూడ్డానికి ఇంత సంబరమా అని పళ్లు కొరికి, తలెత్తుకునే గీత దాటాడు.

జడ్జి గడియారం పట్టుకుని ఎదురొచ్చాడు.

“గడువు దాటిందని చెప్పక్కర్లేదు. నంబరు మాత్రం ఇవ్వను” అన్నాడు గానుగెద్దు, రొప్పుతూ. “ఆఖరివాడిననే రాసుకోండి. కానీ రాయండి!”

జడ్జి అతని వెనక ఖాళీ రోడ్డు వంక చూశాడు. చేతిలోని తెల్లకాగితం వంక చూశాడు.

“మీకంటే ముందు ఎవరూ రాలేదండీ.”