రెండు వేళ్ళ సందు

"చూడవే, నీ తమ్ముడి ఘనకార్యం!" అన్నాడు ఇంటాయన, నేలమీద బోర్లా పడుకుని.

గోడ అడుగున కొట్టిన స్కర్టింగ్ చెక్క ఒక చివర నేలకి ఆనింది. రెండో చివర రెండు వేళ్ళు పైకి లేచింది. ఆ సందులోంచి ఓ బొద్దింక దర్జాగా బయటికొచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి మళ్ళీ లోపలికి పోయింది.

ఆ గది కట్టింది బావమరిదే. తాపీమేస్త్రీ. గోడలకి పూత ఇంకా వేయలేదు. "పూత అయ్యాక కొడదాం బావా, ఉత్త ఇటుకల మీద చెక్క కుదరదు" అని మొత్తుకున్నాడు. వింటే ఈయన ఈయనెందుకవుతాడు?

ఇటుకల ఎగుడుదిగుళ్ళలో చెక్కపేళ్ళు దోపి, మేకులు కొట్టి, మూడు రోజులు కుస్తీ పట్టాడు. చివరికి తేల్చింది ఒకటే. నేల వాలిపోయింది!

"నేల బాగానే ఉందండీ. నీళ్ళు ఒలికినా ఎక్కడివక్కడే ఉంటున్నాయి" అంది భార్య.

"నీళ్ళకేం తెలుసు? వాలు చూపే ఈ రసమట్టం చెబుతోంది, చెక్క సరిగ్గానే ఉందని. బుడగ నడిమధ్యన ఉంది చూడు. పరీక్ష చేసి పంపిన సరుకిది!"

"ఫ్యాక్టరీలో కూర్చుని సంతకాలు గిలికినంత తేలికనుకున్నారా ఈ పని?"

"ఆ సంతకం విలువ నీకేం తెలుసు! పాతికేళ్ళలో నా చేతిలోంచి ఒక్క తప్పు జారలేదు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. అక్కడితో ఆగినా బాగుండేది. చుట్టాలందరికీ ఫోన్లు చేసి, బావమరిదికి మేస్త్రీపని రాదని చాటాడు. ఇల్లు కట్టమన్న ఇద్దరు వెనక్కి తగ్గారు. తప్పు ఒప్పుకునేదాకా గడప తొక్కొద్దన్నాడు. తమ్ముడి నోటి దగ్గర కూడు పోతుంటే ఆవిడ కడుపు మండిపోయింది.

ఆదివారం పొద్దున్నే బావమరిది గడప తొక్కనే తొక్కాడు. పలకరింపుల్లేవు. చెక్కమీది రసమట్టాన్ని తీసి, కుడి చివర ఎడమకి వచ్చేలా తిప్పి పెట్టాడు.

నడిమధ్యనున్న బుడగ ఓ పక్కకి పరిగెత్తింది.

"మట్టం మంచిదైతే ఎటు తిప్పినా బుడగ కదలకూడదు బావా. నా నేలకేం కాలేదు."

"దీన్ని పరీక్ష చేసిన గుడ్డివాడెవడో, వాడి ఉద్యోగం ఊడేదాకా నేనూరుకోను!" అని రసమట్టం లాక్కుని లేచింది ఆవిడ.

ఇంటాయనకి ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. "పోనీలేవే, పాపం. మనిషన్నాక పొరపాటు ఉండదా? ఇలా ఇవ్వు దాన్ని."

ఆవిడ ఇవ్వలేదు, వెనక్కి తిప్పింది.

అక్కడ అంటించిన చీటీలో 'పరీక్షించినవారు' అన్నచోట ఉన్న ఆ గిలుకుడు సంతకం, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద ఆవిడ ఏళ్ళ తరబడి చూస్తున్నదే.