పన్నెండో దబ్బనం

"పదకొండే ఉన్నాయి," అంది పెద్దావిడ.

"సరిగ్గా చూడక్కా. నీ కళ్లజోడు నిండా దుమ్మే," అంది చిన్నావిడ.

ఇద్దరూ తోటికోడళ్లు. ఇంట్లో ఒకే వంటగది, ఇక్కడ పారాషూట్లు మడిచే గదిలో ఒకే బల్ల.

గోడ మీది చెక్కకు పన్నెండు మేకులున్నాయి. మేకుకొక దబ్బనం ఉండాలి. చివరి మేకు బోసిగా ఉంది. మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్లే నౌక తిరిగి నేల మీదికి దిగడానికి కొత్తరకం పారాషూట్ తయారైంది. దాన్ని మడవడానికి వాళ్లకు ఐదు రోజులు పట్టింది. దాన్ని పెట్టిన సంచి మూతి కూడా కుట్టేశారు. ఒక్క దబ్బనం తగ్గినా మొత్తం విప్పి వెతకాలన్నది అక్కడి నియమం.

"మళ్లీ విప్పడమా? గుడ్డ మార్చామని ఒకసారి, తాళ్లు మార్చామని ఒకసారి విప్పించారు. ఈ నడుం ఇక నాది కాదక్కా."

"నా మోకాళ్లు మాత్రం నావా ఏంటే?"

బల్ల కింద వెతికారు. చెత్తబుట్ట బోర్లించారు. చివరికి ఒకరి జడలో ఒకరు చూసుకున్నారు. దొరకలేదు.

"లోపల ఉండదులే."

"ఉంటే?" పెద్దావిడ గోడ మీది ఫొటో వైపు చూసింది. ఈ పారాషూట్‌ని నమ్ముకుని దిగబోయే నలుగురూ అందులో పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. "విచ్చుకునేటప్పుడు ఆ మొన గుడ్డని నిలువునా చీరేస్తుందే."

"నవ్వులు వాళ్లకి, ఏడుపు మనకి." చిన్నావిడ నేల మీదే కూలబడింది. "ఇంట్లో పరుపులు కుట్టే దబ్బనం ఉంది కదక్కా. అచ్చం ఇలాంటిదే."

పెద్దావిడ బోసి మేకును వేలితో తడిమి, లైటు ఆర్పేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ దబ్బనం టిఫిన్ డబ్బాలో వచ్చింది. మిగతావాటిలా మెరుపు పోయేదాకా మైనం రుద్ది, పెద్దావిడే తన చేత్తో దాన్ని మేకుకు తగిలించింది. తనిఖీ కాగితం మీద పన్నెండు అని రాసి సంతకం పెట్టింది. ఇన్‌స్పెక్టర్ రాగానే చెప్పేద్దామా అనుకుంది. ఐదు రోజులు గుర్తొచ్చి, మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ వచ్చాడు.

"తప్పు నాదేనమ్మా! నిన్న దబ్బనంతో ముడి బిగువు చూస్తుంటే ఫోనొచ్చింది. పెన్ననుకుని జేబులో పెట్టుకుపోయాను." చొక్కా జేబులోంచి దబ్బనం తీశాడు. "పాపం, ఈపాటికి సగం విప్పేసి ఉంటారని పరిగెత్తుకొచ్చాను. విప్పలేదు కదా?"

"లేదు సార్," అంది చిన్నావిడ.

పెద్దావిడకు ప్రాణం లేచొచ్చింది. లోపల ఏమీ లేదు. ఆ నలుగురికీ ఏమీ కాదు.

"హమ్మయ్య!" అంటూ దబ్బనాన్ని తగిలించడానికి ఇన్‌స్పెక్టర్ చెక్క వైపు తిరిగాడు.

ఒక్క మేకూ ఖాళీగా లేదు.