ఇల్లు చూడటానికొచ్చినావిడ

"ఇక్కడ కుర్చీ వేసుకుంటే సాయంత్రం గాలి హాయిగా తగులుతుంది."

వసారాలో నిలబడి తనలో తాను అనుకున్నట్టుగా అందావిడ. వయసు అరవై దాటి ఉంటుంది. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఇల్లు చూడటానికొచ్చిన అందరికీ బ్రోకరు పంచిన కాగితమే ఆవిడ చేతిలోనూ ఉంది.

ఆ మాట, ఇల్లు చూడటానికే వచ్చిన డ్రాయింగు టీచరు చెవిన పడింది. మరిదిని పక్కకి లాగింది.

"ఏమయ్యా, ఆ కళ్ళజోడావిడ మన ఇంట్లో అప్పుడే కుర్చీ వేసేసింది."

"మన ఇల్లు ఎప్పుడైంది వదినా?"

"గేటు దాటినప్పుడే."

నిజమే. గేటు నుంచి పడగ్గది దాకా ఒక్క మెట్టు లేదు. స్నానాల గది తలుపు వెడల్పుగా ఉంది. వసారాలోంచి చూస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తోంది. టీచరు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

మరిది బ్యాంకులో ఇళ్ళ లోన్లు చూస్తాడు. చుట్టాల్లో ఎవరు ఇల్లు కొన్నా సలహాలు అతనివే. అన్నయ్య పని మీద వేరే ఊరు వెళ్ళడంతో ఈసారి బాధ్యతంతా తనమీదే వేసుకున్నాడు.

"ముందు ఆ నవ్వు ఆపు వదినా. ముఖం అలా వెలిగిపోతుంటే బ్రోకరు రేటు పెంచేస్తాడు. కుళాయిలు తిప్పు, గోడలు తట్టు, పెదవి విరువు."

"పెదవి విరవడం రావట్లేదయ్యా."

"అన్నయ్య పాట పాడుతున్నాడనుకో."

వెంటనే వచ్చింది.

"ఇంటివాళ్ళు ఉంటే ఇంకొంచెం కూపీ లాగేవాణ్ణి. కానీ ఇల్లు చూపించే పూట వాళ్ళని బయటికి పంపేస్తారు. మమకారంతో ఏదో ఒకటి అని బేరం చెడగొడతారని," గొంతు తగ్గించాడు మరిది. "కొత్త రైలు స్టేషను ఇటువైపే అని పేపర్లో పడ్డ దగ్గర్నుంచీ ఈ వీధిలో ఏ ఇల్లూ వారం ఆగట్లేదు. పోటీకి వచ్చినవాళ్ళ చెవిలో నాలుగు వంకలు వెయ్యి. వాళ్ళే జారుకుంటారు."

ఇప్పటిదాకా నచ్చిన ఇళ్ళన్నీ, ఆలోచించుకునేలోపే చేజారిపోయాయి. ఇది కూడా పోతే ఇక వెతికే ఓపిక లేదు. టీచరు నేరుగా కళ్ళజోడావిడ దగ్గరికి నడిచింది.

"ఈ గోడ చూశారా అండీ? వానాకాలమంతా చెమరుస్తూనే ఉంటుందట."

ఆవిడ గోడవైపు ఆశ్చర్యంగా చూసింది. "అవునా? నాకు తెలీదే."

"మీకెలా తెలుస్తుంది, బ్రోకర్లు చెప్తారా? పక్కింటివాళ్ళు మరీ అన్యాయం. తెల్లారితే తగాదాలేనట."

"అయ్యో, ఎవరితో?"

టీచరు అంతదూరం ఆలోచించుకోలేదు.

"ఎవరు దొరికితే వాళ్ళతో."

వెనకనుంచి మరిది దగ్గు వినిపించింది.

"ఇంకా?" ఆవిడ ఎంతో శ్రద్ధగా అడిగింది.

"పైకప్పు కూడా అంతంతమాత్రమే."

"ఇన్ని లోపాలున్న ఇల్లు మరి నీకెందుకమ్మా?"

అబద్ధాల సంచీ అక్కడికి ఖాళీ అయిపోయింది.

"మా అత్తయ్య కోసమండీ," అనేసింది టీచరు. "మోకాళ్ళకి ఆపరేషనైంది. మేముండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. వీధిలో కాలు పెట్టి ఏడాదైంది. కూరగాయల బండివాడితో కిటికీలోంచే కేకలేసి బేరమాడతారు. ఇక్కడైతే తలుపు తీస్తే చాలు, వీధే."

"బేరం గట్టిగా ఆడతారా?"

"బండివాడు మా సందులోకి రావడమే మానేశాడు."

ఆవిడ పకపకా నవ్వింది. కళ్ళజోడు పెట్టుకుని టీచరు ముఖంలోకి ఒక్కసారి నిండుగా చూసింది. చేతిలో కాగితం మడిచేసి, బ్రోకరుతో ఒక్క మాటైనా మాట్లాడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

"వదినా, పోటీ ఔట్," అన్నాడు మరిది.

లోను ఎంతవరకు వస్తుందో అంత ధరకీ ఇల్లు అడిగారు. అంతకన్నా ఎక్కువిచ్చేవాళ్ళు ఉన్నారని బ్రోకరు ముందే చెప్పాడు. ఇక ఫోను మోగినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడటమే.

చివరికి ఆ ఫోను రానే వచ్చింది.

"ఇల్లు మీకే ఖాయమైందమ్మా. వచ్చి సంతకాలు పెట్టండి."

టీచరు ఎగిరి గంతేసింది. అత్తగారైతే వెంటనే తన వీధి చెప్పులు పైనుంచి దింపి తుడవమంది.

బ్రోకరు ఆఫీసులో కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఇల్లమ్మినావిడ సంతకాలు పెట్టేసి పొద్దున్నే కూతురి ఊరికి బయల్దేరిపోయిందట. ఇక రాదట. రిజిస్ట్రేషను పని వాళ్ళ తమ్ముడు చూస్తాడట.

"ఒక్క మాటండీ," అంది టీచరు కలం పట్టుకుని. "ఆ రోజు కళ్ళజోడు మెడలో వేసుకుని ఒక పెద్దావిడ వచ్చారు. లేనిపోనివి చెప్పి పంపేశాను. అప్పట్నుంచీ మనసులో గుచ్చుకుంటోంది. ఆవిడకి ఇంకో మంచి ఇల్లు చూపించండి."

బ్రోకరు అయోమయంగా చూశాడు.

"సరే, అది అలా ఉంచండి. మాకన్నా ఎక్కువిస్తామన్నవాళ్ళు ఉన్నారన్నారుగా. మరి మాకెందుకు ఇచ్చారు?" అన్నాడు మరిది.

"నేనూ అదే అడిగాను. 'వాళ్ళ అత్తగారు వీధిలోకి రావాలి, వాళ్ళకే ఇవ్వండి' అన్నారు ఇల్లమ్మినావిడ."

టీచరు చేతిలో కలం ఆగిపోయింది.

అత్తగారి సంగతి ఆమె ఈ బ్రోకరుకి కూడా చెప్పలేదు. చెమ్మగోడతో, పక్కింటి తగాదాలతో కలిపి ఆ మాట చెప్పింది, అమ్ముకుంటున్న తన ఇంటిని కడసారి చూసుకోవడానికి, కొనడానికొచ్చినవాళ్ళలో కలిసి నిలబడ్డ ఆ యజమానురాలికే.