ఇంజను ఏదిరా ప్రసాదూ?

"ముందుగా నందిగామ చేరిన బండి మనకుంటుంది. రెండోది అమ్మేద్దాం," అన్నాడు వరప్రసాదరావు.

ఖాజావలి మొహం చిన్నబోయింది. పాత కారు తోలేది అతనే. కొత్త వ్యానుకు డ్రైవరెందుకు, నేనే తోలుకుంటానని వరప్రసాదరావు ముందే తేల్చేశాడు మరి.

పేచీ అంతా ఇంజను దగ్గరే. పాతదానికి పొద్దున లేస్తే నీళ్ళు పోయాలి, ప్లగ్గులు తుడవాలి, దారిలో మూత ఎత్తి బతిమాలుకోవాలి. కొత్తదానికి ఆ సేవలేవీ అక్కర్లేదట. ఏ రిపేరొచ్చినా పాతదైతే ఇంజను చేతికి అందుతుంది కదండీ అంటాడు ఖాజావలి.

వరప్రసాదరావు తల్లి బసవమ్మగారు భారీ మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. జగ్గయ్యపేటలో ఆవిణ్ణి వ్యాను ముందు సీట్లోకి ఎక్కించేసరికి కొడుక్కీ కోడలికీ ఖాజావలికీ చెమటలు పట్టాయి.

"ఒరే ప్రసాదూ, దీనికి ముందు ముక్కే లేదు. ఇంజను ఏదిరా?"

"ఉందిలే అమ్మా. దాన్ని చూడాల్సిన పనే పడదు."

చిల్లకల్లు దగ్గర పాత కారు ఆవిర్లు కక్కుతూ ఆగింది. ఖాజావలి మూత ఎత్తి నీళ్ళు పోయడం అద్దంలో చూసి వరప్రసాదరావు నవ్వుకున్నాడు. ఆవిడ ధ్యాస మాత్రం సీటు మీదుంది. పుష్యమాసం చలిలో కింద గోరువెచ్చగా ఉండి మోకాళ్ళకి హాయిగా ఉందని, లోపల కుంపటేమన్నా పెట్టారా అని అడిగింది. కొత్త బళ్ళు ఇంతేనమ్మా అన్నాడు కొడుకు.

నందిగామ ఇళ్ళు కనబడుతుండగా వ్యాను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వరప్రసాదరావు గబగబా దిగొచ్చి తల్లి వైపు తలుపు తీశాడు.

"అమ్మా, ఒకసారి దిగు."

"నేనెందుకురా? ఇంజను ఎక్కడుందో పోయి చూసుకో. ఇప్పుడిప్పుడే నొప్పులు తగ్గుతుంటే," అని ఆవిడ ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

ఇంతలో పాత కారు వచ్చేసింది. దాటిపోతే గెలుపు తనదే. అయినా అమ్మగారు దారిలో ఉండిపోయారని ఖాజావలి ఆపి దిగాడు. వ్యాను ముందు తడిమాడు, రేకు తప్ప ఏం లేదు. వెనక తలుపు తీశాడు, సామాను తప్ప ఏం లేదు.

"బాబుగారూ, ఇంజను ఏదండీ? బానెట్ ఎత్తుదామంటే కనబళ్ళేదు."

వరప్రసాదరావు గొంతు తగ్గించాడు.

"పాత కారు అమ్మన్లే ఖాజావలీ, ఓ చెయ్యి వెయ్యి. ఇంజను సీటు కింద ఉంది. ఎత్తాల్సింది బానెట్ కాదు, అమ్మని."